హోం శాఖ ఎవరికీ వద్దు

ఆ శుక్రవారం పొద్దున ముర్తుజా వేసుకున్న పథకం చాలా చిన్నది. జుమ్మా నమాజుకు పోయేలోపు మంత్రివర్గం ఏర్పాటు చెయ్యాలి, తిరిగొచ్చాక కోడికూరతో అన్నం తినాలి. రెండోది ఖాయంగా జరుగుతుందని అతనికి నమ్మకం ఉంది. మొదటిదాని గురించే మంచం మీద కాళ్ళు ముడుచుకుని, చల్లారిపోతున్న సులేమానీ చాయ్ గ్లాసు చేత్తో పట్టుకుని ఆలోచిస్తున్నాడు.

రాజ్యం పెద్దదేమీ కాదు. గల్ఫులో, రుసైల్ అనే పారిశ్రామిక వాడలో అల్యూమినియం కిటికీలు చేసే ఒక కంపెనీ, దానికొక లేబర్ క్యాంపు, ఆ క్యాంపులో తెలుగువాళ్ళుండే బ్లాకు, బ్లాకు చివర ఒక వంటగది. జనాభా నలభై చిల్లర. ఇప్పుడు ఆ వంటగదికే ముప్పు వచ్చింది. గ్యాస్ పైపు మీద ఎవడో తువ్వాలు ఆరేశాడట. అది చూసి క్యాంపు బాసు కమ్రాన్ గురువారం వచ్చి ఖరాఖండిగా చెప్పిపోయాడు: "రేపు నాలుగింటికి వస్తాను. వంటగదికి పూచీ పడే కమిటీ కనపడాలి. లేదంటే తాళం. ఎల్లుండి నుంచి అందరికీ కాంట్రాక్టరు డబ్బా."

కాంట్రాక్టరు డబ్బా అంటే ఏమిటో తిన్నవాడికే తెలుసు. అందులో అన్నం, పప్పు, కూర మూడూ ఒకే రుచిగా ఉంటాయి. ఆ రుచి డబ్బాది. పొద్దంతా మిషను ముందు నిలబడ్డవాడికి కంపెనీ పొరపాటున మిగిల్చిన సుఖం ఒక్కటే, తన ఊరి కూర తను వండుకు తినడం. నర్సాపురం వాడి చేపల పులుసు, జగిత్యాల వాడి జొన్నరొట్టె, రాయచోటి వాడి రాగిసంగటి ఆ ఒక్క గదిలోనే పక్కపక్కన ఉడుకుతాయి. దానికీ తాళం వేస్తే ఇక మనిషికీ మిషనుకీ తేడా ఏముంది? మిషనుకైనా మంచి నూనె పోస్తారు.

అందుకే గురువారం సాయంత్రమే చేతులెత్తి నాయకుణ్ణి ఎన్నుకున్నారు. తెలంగాణ వాళ్ళు నిలబెట్టిన మనిషికి కోస్తావాళ్ళ చేతులు లేవలేదు. కోస్తావాళ్ళ మనిషి పేరు చెప్పగానే సీమవాళ్ళకు చేతులే లేకుండా పోయాయి. చివరికి నాలుగు నెలల కిందట దుక్మ్ సైటు నుంచి బదిలీ అయి వచ్చిన కడప ముర్తుజా మిగిలాడు. అతను ఎవరికీ సరిగా తెలియదు కాబట్టి అతని మీద ఎవరికీ కోపం లేదు. ఇంతకన్నా గొప్ప అర్హతతో గెలిచిన నాయకులు మన దేశంలో మాత్రం ఎంతమంది ఉన్నారు?

ముర్తుజా తెలివైనవాడే. కమిటీ అంటే ఒక్కడూ ముందుకు రాడు, మంత్రివర్గం అంటే వద్దన్నా వస్తారు. ఇది అతను ఫోనులో వార్తలు చూసి చూసి నేర్చుకున్న రాజకీయం. అందుకని గెలిచిన మరుక్షణమే "ఐదుగురు మంత్రులను తీసుకుంటా" అని ప్రకటించాడు. పాచిక పారింది. తెల్లారకముందే ఆశావహులు చాయ్ గ్లాసులు పట్టుకుని గది ముందు వరుస కట్టారు.

మొదట నర్సాపురం నోయెల్ వచ్చాడు. పౌడర్ కోటింగు సెక్షనులో పని, ఎప్పుడూ ముక్కు దగ్గర తెల్లగా ఉంటుంది.

"నేనడిగానని కాదండి ముర్తుజా గారూ. మా వైపు నుంచి ఒక్కడైనా లేకపోతే చూసేవాళ్ళకి బాగోదు కదండీ. నీళ్ళు నాకిచ్చేయండి. నీళ్ళ పక్కన పుట్టినోణ్ణి."

"నీళ్ళు నీకేలే నోయెలూ. కమ్రాన్‌కు ఇచ్చే పేర్లలో నీది మొదటిది."

"అయితే నోయెల్ అని సరిగ్గా చెప్పండి. ఆయన నాయల్ అంటాడు. ఎన్, ఓ, ఈ, ఎల్."

తర్వాత రాయచోటి జయరాముడు. ముర్తుజాది పక్క జిల్లా అన్న చనువుతో నేరుగా మంచం మీద కూర్చున్నాడు.

"మనోడివై ఉండి నాకు చెత్త ఇస్తావా అబ్బా?"

"చెత్త కాదప్పా, పారిశుధ్యం."

"పేరు మారిస్తే కంపు పోతాదా?"

"సరే, గ్యాస్ తీసుకో."

జయరాముడు ఆలోచించాడు. "గ్యాస్ అయితే సరే. తిప్పితే మంట, కట్టేస్తే పస్తు. దాంట్లో అధికారముండాది."

చిన్నవి మరో ఇద్దరికి సర్దాక, ఇక మిగిలింది పెద్ద శాఖ. పొయ్యి మీద ముందెవరు ఎక్కించాలి, ఎవడి గిన్నె ఎవడు మాడ్చాడు, తగువొస్తే ఎవరు తీర్చాలి, ఇలాంటి శాంతిభద్రతలన్నీ దానికిందే. ముర్తుజా దానికి హోం శాఖ అని పేరు పెట్టుకున్నాడు. అది కొండయ్యకే ఇవ్వాలని నిశ్చయించాడు. కొండయ్య జగిత్యాల దగ్గరివాడు, బ్లాకులో అందరికన్నా పాతకాపు, మాట తక్కువ మనిషి. పదవి అడగడానికి రానివాడు ఆయనొక్కడే. అడగనివాడికి పెద్దది ఇస్తే అడిగినవాళ్ళ నోళ్ళు మూతపడతాయి. లెక్క మంచిదే. మాటే మంచిది కాదు.

ఎందుకంటే ఆ క్యాంపులో హోం అంటే శాఖ కాదు. సెలవు మీద ఊరికి పోతే లీవు. పని పీకేసి, చేతిలో పోవడానికి మాత్రమే టికెట్టు పెట్టి పంపేస్తే హోం. టైంకీపరు నోటి మాట అది, అందరికీ అంటుకుంది. "వానికి హోం అయింది" అంటే వాడి మంచం ఖాళీ అయినట్టే. నిరుడు ట్రైనింగుకని కంపెనీ కొందరి పేర్లు అడిగింది. ఇచ్చారు. ఇచ్చిన వాళ్ళందరికీ హోం అయింది. కంపెనీకి మనిషి పేరుతో పనిబడేది రెండేసార్లు, తీసుకునేటప్పుడూ తీసేసేటప్పుడూ. మిగతా రోజుల్లో నంబరు చాలు. దుక్మ్‌లో ఇదే సంగతిని ఖల్లాస్ అనేవాళ్ళు. అక్కణ్ణుంచి వచ్చిన ముర్తుజాకు ఇక్కడి మాట తెలియదు.

అతను స్నానానికి తువ్వాలు భుజాన వేసుకుని బయటికి వస్తూ, వరండాలో బూట్లు తుడుచుకుంటున్న సుఫియాన్‌ను చూశాడు. సుఫియాన్ క్యాంపు బస్సు డ్రైవరు, హైదరాబాదు పాతబస్తీ పిల్లవాడు, ఏ కబురైనా బస్సు కన్నా ముందు చేరవేస్తాడు.

"సుఫియాన్, పోయి కొండయ్యకు చెప్పు. ఆయనకు హోం ఇచ్చినా. నాలుగింటికి కమ్రాన్ చేతికి పేర్లు ఇస్తుండా."

సుఫియాన్ చేతిలో బ్రష్షు ఆగిపోయింది. "కొండయ్య చాచాకా? హోం?"

"ఊఁ. వింటే సంతోషపడతాడు."

"సంతోషమా భాయ్?"

"పడడా మరి? ఇన్నేండ్లు చేసినోడు. ఎప్పుడో రావాల్సింది ఆయనకు. ఈ కంపెనీలో అడిగేవాడు లేక రాలేదు."

"ఆయన ఒక్కరేనా?"

"ఇంకా నలుగురుండారు. నువ్వు కూడా మంచిగా ఉంటే నీకూ చూస్తాలే," అని ముర్తుజా అతని వీపు తట్టి స్నానాలగదిలోకి పోయాడు. తట్టినచోట సుఫియాన్‌కు చెమట పట్టింది.

కొండయ్య వంటగది గడపలో కూర్చుని వెల్లుల్లి పొట్టు తీస్తున్నాడు. సుఫియాన్ ఆయన ముందు గొంతుకూర్చుని, ఎదురుగా ఉన్న గోడతో మాట్లాడాడు.

"చాచా, నన్ను తిట్టొద్దు. నీకు హోం ఇచ్చిండు."

"ఎవడు?"

"ముర్తుజా భాయ్. కమ్రాన్‌కు పేర్లు ఇస్తుండంట నాలుగింటికి. నీకు ఎప్పుడో రావాల్సింది అన్నడు."

కొండయ్య చేతిలో ఒక వెల్లుల్లి రేక మిగిలింది. దాన్ని కూడా శుభ్రంగా ఒలిచి గిన్నెలో వేశాడు. ఆయన కూతురు కరీంనగరులో నర్సింగు చదువుతోంది, ఇంకో ఏడాది ఉంది. ఆ సంగతి సుఫియాన్‌కూ తెలుసు. కొండయ్య లేచి గదిలోకి పోయి మంచం కింది అట్టపెట్టె బయటికి లాగి తాడు కట్టడం మొదలుపెట్టాడు. ఆ రోజు నమాజులో సుఫియాన్ కావాలనే చివరి వరుసలో నిలబడ్డాడు. ముర్తుజా పక్కన భుజం ఆనించి నిలబడడానికి మనసు రాలేదు.

అదే గదిలో ఉండే నోయెల్ చర్చి పాటల పుస్తకం కోసం వచ్చి పెట్టెను చూశాడు.

"ఏంటన్నాయ్, లీవా? చెప్పనే లేదు."

"లీవు గాదు. హోం."

"మీకా? ఎవరిచ్చారండి?"

"మనం చేతులెత్తి గెలిపించినం గదా, వాడే. ఐదుగురి పేర్లు ఇస్తుండట కమ్రాన్‌కు."

నోయెల్ మంచం అంచున కూలబడ్డాడు. "పోయినేడు ట్రైనింగన్నారు, నమ్మాం. ఈ యేడు కమిటీ అన్నారు, మళ్ళీ నమ్మాం. అన్నాయ్, మొదటి పేరు నాదే. అక్షరాలతో సహా నేనే ఇచ్చుకున్నానండి బాబూ. ఎన్, ఓ, ఈ, ఎల్ అని."

పొద్దున పదవి కోసం చాయ్ పట్టుకుని నిలబడ్డవాళ్ళందరూ అరగంటలో ఒకే ప్రశ్న దగ్గరికి చేరారు. ఉన్న పేరు తీయించుకోవడం ఎలా?

ముర్తుజా నమాజు నుంచి తిరిగొచ్చేసరికి గది ముందు మళ్ళీ వరుస. ఈసారి చాయ్ గ్లాసులు లేవు.

"నా పేరు తీసేయండి ముర్తుజా గారూ," అన్నాడు నోయెల్. "నాకంత అర్హత లేదండి."

"పొద్దున నువ్వే కదప్పా అడిగినావు?"

"పొద్దున బుద్ధి లేదండి. ఇప్పుడొచ్చింది."

ముర్తుజా చిన్నగా నవ్వుకున్నాడు. ఇలాంటివి అతను వార్తల్లో ఎన్ని చూడలేదు. చిన్న శాఖ ఇస్తే మనిషి ముందు వినయం చూపిస్తాడు, తర్వాత అలుగుతాడు, ఆ తర్వాత పార్టీ మారతాడు. మొదటి మెట్టు మీదే ఆపాలి.

"నాకు అర్థమైందిలే నోయెలూ. నీళ్ళు నీ స్థాయికి చాలవు. కొండయ్యకు నేను నచ్చజెప్పుకుంటా. నీకే హోం ఇస్తా, పో."

నోయెల్ తలుపుచెక్క పట్టుకున్నాడు. "నాకు ముగ్గురు చిన్నపిల్లలండి."

"అయితే ఇంకా మంచిది. ఇప్పుడే ఇంటికి ఫోను చేసి చెప్పు. మీ ఆవిడ ఊరంతా చెప్పుకుంటాది."

"మా లిల్లీ గుండాగిపోద్దండి."

"సంతోషానికి ఎవరికీ గుండె ఆగదులే," అని ముర్తుజా ధైర్యం చెప్పాడు. నోయెల్ వెనక్కి వెనక్కి నడుస్తూ వెళ్ళిపోయాడు. ఇంత పదవి ఇస్తే షేక్ హ్యాండు కూడా ఇవ్వని మనిషిని ముర్తుజా అప్పుడే చూశాడు.

జయరాముడు మరోరకంగా వచ్చాడు. "గ్యాస్ నాకొద్దు సామీ. నాకు వాసన తెలీదు. చిన్నప్పటి నుంచీ అంతే."

"నువ్వు కూడానా? సరే, నీ బాధేందో నాకు తెలుసు. గ్యాసూ నీకే, హోమూ నీకే. రెండూ తీసుకో."

"ఒగ మనిషికి హోం చాలదా అబ్బా, దాని పైన గ్యాస్ కూడానా?" అన్నాడు జయరాముడు. "సొంత సీమవాడివని నిన్ను నమ్మితి. ఆ సుఫియాన్‌కు ఇయ్యరాదా, వాడికి పెండ్లి కూడా కాలా."

ఒకే పదవిని ఇద్దరికి ఇచ్చాడు, ఇద్దరూ ఏడుపు ముఖాలతో పోయారు. అసమ్మతి ముదిరిపోయిందని ముర్తుజాకు అర్థమైంది. ముదిరినప్పుడు ఏం చెయ్యాలో కూడా అతనికి తెలుసు. మంత్రివర్గాన్ని విస్తరించాలి. ఫోను నోటి దగ్గర పెట్టుకుని బ్లాకు వాట్సాప్ గ్రూపులో పలికాడు.

"అన్నలారా, ఎవరూ అలగొద్దండి. ఐదుగురితో నేను సరిపెట్టను. కావాలంటే ఇరవై మందికి ఇప్పిస్తా. కమ్రాన్‌తో మాట్లాడే బాధ్యత నాది. ఈ బ్లాకులో ఎవరికీ అన్యాయం జరగనియ్యను."

ఆ గొంతు ఒక గది తర్వాత ఒక గదిలో మోగుతూ పోయింది. ఇరవై మందికి, ఇరవై మందికి.

కొండయ్య గదిలో జనం నిండిపోయారు. ఆయన పెట్టెకు చివరి ముడి వేస్తున్నాడు. ఫోనులో ఆ మాట విని చేతులు ఆపాడు.

"ఇరవై మందా?"

"ఇరవై అనే అన్నాడండి," అన్నాడు నోయెల్.

కొండయ్య తాడు కొస అందుకున్నాడు. తర్వాత ఓపిగ్గా ముడి విప్పేశాడు. "నేనొక్కణ్ణే అయితే పోదామనుకున్న. ఎవన్ని బతిమాలాలె, ఏం బతిమాలాలె అని. ఇరవై మందైతే పోయేది లేదు. పాండ్రి, ఆఫీసు ముంగట కూసుందాం."

"కూసొని ఏం జేద్దాం?" అన్నాడు జయరాముడు.

"ఏం జెయ్యొద్దు. కూసునుడే."

సమ్మె అన్న మాట ఎవరి నోటా రాలేదు. పరాయి దేశంలో ఆ మాట నోటికి తేలికగా రాదు, వచ్చినా నోట్లోనే ఉంచుకోవడం మంచిది. కూర్చోవడం వేరు. కూర్చోవడం మనిషి సహజ లక్షణం. నిన్నటి దాకా ఒకడి మనిషికి ఒకడు చెయ్యెత్తనివాళ్ళు, ఎవరూ ఉపన్యాసం ఇవ్వకుండానే, ఆఫీసు రేకుల షెడ్డు ముందు మోకాలికి మోకాలు తగిలేలా కూర్చున్నారు. ఏళ్ళ తరబడి అరిచి గీపెట్టే నాయకులు చెయ్యలేని పని అది. ఒక్క తప్పుడు మాట చేసింది.

వంటగదిలో ముర్తుజా ఒక్కడే కోడికూర తిన్నాడు. ఇంకెవరూ గిన్నె మీద చెయ్యి వెయ్యకపోవడం చూసి అతనికి మొదటిసారి ఏదో తేడా అనిపించింది. అయినా ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల దువ్వుకుని, నాలుగింటికి ఆఫీసు వైపు నడిచాడు. అక్కడ బ్లాకు బ్లాకంతా కూర్చుని ఉంది. ప్రమాణస్వీకారానికి ఇంతమంది వస్తారని అతను అనుకోలేదు. కళ్ళు చెమ్మగిల్లాయి.

"యాలప్పా ఎండలో," అన్నాడు ఆప్యాయంగా. "నీడకు జరగండి."

ఎవరూ జరగలేదు. ఎవరూ అతని ముఖం కూడా చూడలేదు.

కమ్రాన్ పికప్పు దుమ్ము లేపుకుంటూ వచ్చి ఆగింది. కమ్రాన్ కరాచీ మనిషి, లావుపాటివాడు, తిట్టడం అతని ఉద్యోగం కాబట్టి తిడతాడు కానీ అతను కూడా ఇదే క్యాంపులో ఇంకో గదిలో పడుకునేవాడే. చేతిలో వంటగదికి తెచ్చిన కొత్త తాళం ఉంది. కూర్చున్న జనాన్ని చూసి దాన్ని మెల్లగా జేబులో పెట్టుకున్నాడు.

"క్యా హై యే?"

కొండయ్య లేచి నిలబడ్డాడు. తనకు వచ్చిన హిందీలో, నిదానంగా చెప్పాడు. "ఎవ్వనికీ హోం లేదు. ఇస్తే అందరికియ్యి. ఒక్కన్ని ఏరుడు లేదు."

"ఎవరికి హోం? నేనెవరికి ఇచ్చాను?"

నలభై వేళ్ళు ముర్తుజా వైపు తిరిగాయి.

"నేనే ఇచ్చినా సార్," అన్నాడు ముర్తుజా, దాచడానికి ఏముంది అన్నట్టు. "మొదట కొండయ్యకు. తర్వాత నోయెల్‌కు, జయరాముడికి కూడా. అందరూ వద్దంటా ఉండారు."

కమ్రాన్ నోరు తెరిచాడు. "నువ్వెవడివి యార్ హోం ఇవ్వడానికి? మేనేజరైనా హెడ్డాఫీసును అడగాల్సిందే."

ముర్తుజాకు రోషం వచ్చింది. "నన్ను జనం ఎన్నుకున్నారు సార్. ఎవరికేది ఇయ్యాలో మేనేజరును అడగాల్సిన పని నాకు లేదు."

ఆ మాటతో జనంలో నుంచి ఒక మూలుగు లేచింది. సరిగ్గా అప్పుడే కమ్రాన్ ఫోను మోగింది. మేనేజరు. తెల్లవారితే ఖురం అనే పేటలో ఒక హోటలుకు కిటికీలు పోవాలి, మనుషులందరూ డ్యూటీకి వస్తారు గదా అని అడుగుతున్నాడు. కమ్రాన్ ఎదురుగా కూర్చున్న మనుషులందర్నీ చూశాడు. "అందరూ ఉన్నారు సార్," అన్నాడు నిజాయితీగా. "ఇక్కడే కూర్చున్నారు. మీటింగు నడుస్తోంది. వంటగది కమిటీ మీటింగు."

ఫోను పెట్టేసి నుదురు తుడుచుకున్నాడు. "ఎవరు కూర్చోమన్నారు? పేరు చెప్పండి."

పేరు. నిరుడు ఆ మాట విని తలలు దించుకున్న మనుషులే వీళ్ళు.

"రాసుకో," అన్నాడు కొండయ్య. "కొండయ్య."

కమ్రాన్ ఫోనులో టైపు చేశాడు. పక్కన నోయెల్ లేచాడు. "నోయెల్ అండి. నాయల్ కాదు." ఆ వెనక జయరాముడు లేచాడు. బస్సు తాళాలు చేతిలో పట్టుకునే సుఫియాన్ లేచాడు. ఆ తర్వాత వరుసలకు వరుసలే లేచాయి. కమ్రాన్ బొటనవేలు నొప్పి పుట్టేదాకా కొట్టాడు. ఏం జరుగుతోందో తెలియని ముర్తుజా కూడా, అందరూ చెబుతున్నారు గదా అని చివర్న తన పేరు చెప్పుకున్నాడు.

"ఇంతకీ," అన్నాడు కమ్రాన్ అలసిపోయి, "నువ్వు ఇచ్చిన ఆ హోం ఏమిటి?"

"హోం శాఖ సార్. ఇండియాలో హోం మినిస్టరు ఉంటాడు కదా. అట్లాంటిదే. పొయ్యి దగ్గర శాంతిభద్రతలు."

కొండయ్య ఒక అడుగు ముందుకు వేశాడు.

"మంత్రి పదవా?" అన్నాడు కొండయ్య. "దీనికా నేను పెట్టె కట్టింది?"

ముందు జయరాముడు నవ్వాడు. తర్వాత ఆపడం ఎవరి తరమూ కాలేదు. సుఫియాన్ మాత్రం నవ్వకుండా జనం వెనక నుంచి బస్సు చాటుకు జారుకున్నాడు. ముర్తుజాకు ఎవరో హోం అంటే అక్కడ ఏమిటో చెవిలో చెప్పారు. విని అతను నేల మీద కూర్చుండిపోయాడు. "నోయెలూ, మీ ఆవిడకు ఫోను చెయ్యమని కూడా చెప్తినే," అని తల పట్టుకున్నాడు.

"చెయ్యలేదులెండి," అన్నాడు నోయెల్. "బ్యాలెన్సు లేదు."

కమ్రాన్ నవ్వలేదు. చేతిలో ఫోను వైపే చూస్తున్నాడు. "ఇంతమంది పేర్లు పైకి ఏమని పంపను? పని ఆపడానికి కూర్చున్నారని రాస్తే ముందు హోం నాకే." ఆ పేర్ల వరుసను వేలితో పైకి జరిపాడు. "కమిటీ పేర్లు అడిగింది నేనే. ఇవిగో పేర్లు. ఇదే కమిటీ." పైన 'వంటగది కమిటీ' అని కొట్టి పంపేశాడు. "పూచీకి ఇంతమంది ఉంటే ఇక తాళమెందుకు," అని పికప్పు ఎక్కి, కొత్త తాళాన్ని పక్క సీటు మీద పడేసి వెళ్ళిపోయాడు.

దుమ్ము అణిగేలోపే జయరాముడు అడిగాడు. "అబ్బా ముర్తుజా, మరి గ్యాస్ నాదే కదా?"

"హోం నాకన్నారండి మధ్యాహ్నం," అన్నాడు నోయెల్.

"ఏయ్, అది నాది," అన్నాడు కొండయ్య. "పెట్టె కట్టినోణ్ణి నేను."

కమిటీలో పేరున్న ప్రతివాడికీ ఏదో ఒక శాఖ కావలసి వచ్చింది. ముర్తుజా ఎవరికీ కాదనలేదు. పొద్దున వడపోసి వడపోసి ఐదుగురినే తీసుకోవాలనుకున్న మనిషి, చీకటిపడేలోపు ఉప్పుకొకణ్ణి, చింతపండుకొకణ్ణి, చీపురుకు ఇద్దరిని మంత్రులను చేశాడు. ఆ రకంగా ప్రజలనేవాళ్ళు ఒక్కరూ మిగలని ప్రభుత్వం రుసైల్‌లో ఏర్పడింది కాబట్టి, ఆ సాయంత్రం ఉల్లిపాయలు ముఖ్యమంత్రే తరుక్కున్నాడు.